ఎండ చూడని పచ్చ

మాషో కోటు ఎండకు వేసిన రోజు రిసాన్ ఊరంతటికీ తెలిసిపోయేది. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లు తలెత్తి చూస్తే, మెట్ల వీధిలో మూడో ఇంటి మేడ కిటికీలో పచ్చటి ఉన్ని బనాతు, దాని అంచుల వెంట బంగారు జరీ తళుక్కుమనేవి. "అదుగో, గోస్పావా మళ్లీ మొగుణ్ణి ఎండబెడుతోంది" అని నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఆమె చెవిన పడుతూనే ఉండేది. పడితే పడనీ అనుకునేది. ఎండకు వెయ్యకపోతే పురుగు కొడుతుంది. పురుగు కొట్టిన కోటు చేతికిస్తే మాషో ఊరుకునే రకమా?

ద్రాక్ష కోతలు అయిపోయిన వారం అది. బుధవారం పొద్దున పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి పరిచింది. మోకాళ్ల దాకా వచ్చే కుచ్చుల నల్ల లాగు, ఎర్ర అరచొక్కా, దాని మీద వేసుకునే వెండి పలకల చొక్కా, పట్టు నడికట్టు, అన్నిటి మీదా తొడిగే ఈ పచ్చ కోటు. పురుగు పట్టకుండా మడతల్లో పెట్టిన పాత అక్రోటు ఆకులు దులిపేసి, కుంచెతో కాలరు దగ్గర్నుంచి కిందికి మెల్లగా దువ్వసాగింది.

మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడయింది. మరిది త్రిపో. రేవులో మూటలు మోసే మనిషి, గుమ్మం పట్టేంత భుజాలు. ఎప్పుడొచ్చినా "తినడానికేముంది వదినా?" అన్నదే మొదటి మాట. ఈసారి ఆ మాట అనలేదు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఏదో అడగడానికే వచ్చాడని ఆమెకు అర్థమైంది.

"ఆదివారం పొద్దున వియన్నా నుంచి పెద్ద దొర వస్తున్నాడట. ఆవిరి ఓడలో. ఫోటోలు తీసేవాణ్ణి కూడా తెస్తున్నాడట. రేవులో పన్నెండు మంది మన పండగ బట్టల్లో వరసగా నిలబడాలి. పన్నెండు మందిలో నా పేరు రాశారు."

"నీ పేరా, ఈ కోటు పేరా?"

త్రిపో నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "కోటు పేరే. ఆ మాత్రం నాకు తెలీదా? కోటు తగిలించడానికి ఓ కొక్కెం కావాలి. ఆ కొక్కెం నేను."

"బతికున్న మనిషి పండగ కోటు ఇంకొకడు వేసుకోవడం ఈ ఊళ్లో ఎప్పుడైనా చూశావా? తమ్ముడైనా సరే."

"చూళ్లేదు."

"మరి?"

అతను కోటు వైపు చూశాడు గాని ఆమె వైపు చూడలేదు. "మూడేళ్లు దాటింది వదినా. త్రియెస్తే రేవులో అన్నయ్య ఎక్కిన ఓడ మాటే ఎవరూ ఎత్తడంలేదు. శనివారం ఏడుపు పెడదామంది అమ్మ."

కుంచె ఆమె చేతిలోనే ఉండిపోయింది. సముద్రంలో పోయినవాడికి ఇక్కడ శవం ఉండదు. బల్ల మీద బట్టలు పరుస్తారు, తలవైపు కొవ్వొత్తి పెడతారు, ఊళ్లో ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని పేరు పెట్టి ఏడుస్తారు. అంతే, ఆ మనిషి చచ్చిపోయినట్టు. ఆ తర్వాత బట్టలు తమ్ముడివి. పెళ్లానికి నలుపు.

కుంచె బల్ల మీద పడేసి వంటింట్లోకి నడిచింది. అత్త యోకా పొయ్యి పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కుడి కన్నులో పొర కమ్మింది, ఎడమది పరవాలేదు. వేళ్లు మాత్రం కళ్లు అక్కర్లేకుండానే పని చేసుకుపోతున్నాయి.

"మీరు అన్నారా అత్తా?"

"అన్నాను."

"ఆ దొర వస్తున్నాడని, కొడుకును చంపేస్తారా?"

యోకా కాయ ఒలవడం ఆపలేదు. "దొర త్రిపోకి కావాలి. నాకెందుకు? మూడేళ్లయింది. కన్నతల్లిని. ఒక్కసారి నోరారా ఏడవలేదు. ఏడిస్తే వాడికి కీడేమోనని. కలవరించి లేచినా నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఇంక నా వల్ల కాదు, కోడలా."

ఆ మాటల్లో గోస్పావాకు శనివారం ఒక్కటే వినిపించింది. మిగతాదేదీ చెవికెక్కలేదు.

"అతను వస్తాడు" అంది, మూడేళ్లుగా అందరితో అంటున్నట్టే.

"వస్తే రానీ. నేను వద్దంటానా?" ముసలామె ఖాళీ తొక్కలు ఒడిలోంచి పొయ్యిలోకి దులిపింది. "అక్రోటు తొక్కలు తెమ్మని స్తానాకి చెప్పాను. నీ రైకలు ఎన్నున్నాయో చూసి పెట్టు. రంగు సరిపోవాలిగా."

గోస్పావా తన చేతుల వైపు చూసుకుంది. మణికట్టు చుట్టూ పట్టుదారంతో ఎరుపు, నీలం, పసుపు కుట్లు. పెళ్లికి ముందు రెండు చలికాలాలు కూర్చుని కుట్టుకుంది. విధవ చేతి మీద రంగు ఉండకూడదు. దారాలు విప్పేసి, రైకను నల్లరంగులో ముంచి, నల్లదారంతో మళ్లీ కుట్టుకోవాలి. జడ కత్తిరించి కోటు మీద పెట్టాలి. ఇరవై ఎనిమిదేళ్లకే. ఆమెకు ఒక్క చోట నిలబడబుద్ధి కాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడా బుద్ధి పుట్టలేదు. వెనక్కి వచ్చింది.

*

గురువారం మధ్యాహ్నం త్రిపో పని మానుకుని వచ్చాడు. మొహం కడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకుని, పెళ్లికొడుకులా తయారయ్యాడు. పచ్చ కోటు తొడుక్కోబోతే ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది. బలవంతంగా తోసేసరికి చంక కింద ఎక్కడో దారం పుటుక్కుమంది.

"కదలకు!" అని అరిచింది గోస్పావా. అరిచాక తనకే ఆశ్చర్యం వేసింది. కోటు చిరుగుతుందని భయం. అదే ముందు వచ్చింది.

"చంకలో పట్టేస్తోంది. ఇంత వదులు చేయగలవా?" రెండు వేళ్లు చూపించాడు. "లోపల గుడ్డ ఉండే ఉంటుంది. పాత కుట్టువాళ్లు వదిలేవాళ్లుగా."

"మూటలు మోసి మోసి ఎద్దులా తయారయ్యావు. అన్నయ్య కోటు ఎలా పడుతుంది నీకు?"

"అన్నయ్య తెడ్డు తప్ప ఏం మోశాడు?" అన్నాడు త్రిపో. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

"శనివారం కానివ్వు, తర్వాత విప్పుతాను."

"తర్వాత టైమెక్కడిది? శనివారం సాయంకాలానికి జనం వెళ్తారు. ఆదివారం పొద్దున్నే ఓడ. ఇప్పుడే చెయ్యి వదినా. పని పనే కదా."

"ఏడవకముందే కొలతలా?"

అతను గొంతు తగ్గించి, "ఏ పండక్కీ నాకు ఆ వరసలో చోటు దొరకలేదు వదినా" అన్నాడు. "రేవులో తాళ్లు లాగుతూ వాళ్లను చూస్తుంటాను. వెండి పలకలు గలగలమంటుంటాయి. ఒక్కసారి నిలబడితే చాలు. ఒక్కసారి."

అబద్ధం చెప్పినా బాగుండేది. ఆ ముఖం చూస్తుంటే కోపం తెచ్చుకోవడం కూడా కష్టంగా ఉంది. గుండుసూదులు నోట్లో పెట్టుకుని ఆమె అతని చుట్టూ తిరిగింది. ఒంటి మీద ఉండగా బట్టకు సూది తగిలించేటప్పుడు మనిషి నోట్లో దారప్పోగు పట్టుకోవాలి, లేకపోతే ఆయువు కుట్టుకుపోతుందంటారు. ఆమె దారం తెంపి ఇచ్చింది. త్రిపో దాన్ని పళ్ల మధ్య బిగించి, గడ్డి నమిలే మేకలా బుద్ధిగా నిలబడ్డాడు. కుడి చంక కింద రెండు వేళ్ల మేర, ఎడమ కింద రెండు వేళ్ల మేర గుర్తు పెట్టింది. తన చావు గురించి అంత జాగ్రత్త ఉన్నవాడికి అన్న సంగతి ఎందుకు తట్టలేదా అనిపించింది.

అతను వెళ్లాక కోటు తిరగేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఈ కోటు కోటోర్ నుంచి వచ్చిన కుట్టువాడు ఇదే గదిలో నలభై రోజులుండి కుట్టాడు. ఇప్పుడు అతనూ లేడు. కుట్టు మీద కుట్టు కనబడకుండా జరీ తాడు పరిచి, సన్నని పసుపు దారంతో టాకాలు వేశాడు. ముందు ఆ టాకాలు తెంపాలి. కత్తెర మొనతో ఒక్కొక్కటే లేపి తెంపుతూ పోయింది. జరీ తాడు ఊడి వచ్చి ఒళ్లో చుట్టలుగా పడింది. తర్వాత అసలు కుట్టు. తేనెమైనం పట్టించిన దారం, గట్టిది. అడుగడుగునా మొరాయించింది.

కుట్టు విడిపోగానే లోపలి మడత తెరుచుకుంది. ఆమె చెయ్యి ఆగింది.

లోపలి గుడ్డ ఎంత పచ్చగా ఉందో! కోటు కుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, వాన పడ్డ మర్నాటి గడ్డిలాగా. దాని పక్కన బయటి పచ్చ ముసలిదైపోయినట్టు కనబడింది. ఇన్నాళ్లూ కోటు వెలిసిపోయిందని ఆమెకు తెలియనే తెలియదు. పాత కుట్టు ఉన్న చోట సూది కన్నాలు బారుగా, చీమలబారులా, చంక నుంచి నడుము దాకా ఉన్నాయి. మాషో ఒళ్లు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగాయి.

కోటు పక్కన పెట్టి లేచింది. నీళ్లు తాగింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

ఆ సమయానికి స్తానా బుట్టెడు అక్రోటు తొక్కలతో దిగింది. ఊళ్లో ఏ చావుకైనా ఏడుపు ఎత్తుకునేది ఆమే. మంచి గొంతు, అంతకంటే మంచి ఆకలి. ఎండు అత్తిపళ్ల పళ్లెం ముందుకు లాక్కుని, నములుతూ అడగడం మొదలుపెట్టింది.

"ఓడ పేరేంటమ్మా?"

గోస్పావా చెప్పింది.

"బాగుంది, పాటలో ఇముడుతుంది. పొడుగేనా మనిషి?"

"పొడుగే."

"గద్దలాంటి వాడు అంటాను. అందరికీ అదే అంటాననుకో. కళ్లు? నీలమా, తేనెరంగా?"

గోస్పావా నోరు తెరిచింది. మాట రాలేదు. ఒక్క క్షణమే. పొయ్యి మీద కుండ కింద పుల్ల చిటపటమనేంతసేపు. ఆ క్షణంలో ఆమెకు కళ్ల బదులు కోటే కనబడింది, కాలరు, వెండి పలకలు, పైన ముఖం లేదు.

"తేనెరంగు" అంది.

"తేనెరంగు మంచిది" అని స్తానా ఇంకో పండు తీసుకుంది. "నీలమైతే ప్రతిసారీ సముద్రం తీసుకురావాలి. వినీ వినీ జనానికి విసుగొచ్చేసింది."

*

శుక్రవారం ఇల్లంతా అక్రోటు తొక్కల కంపు. పెరట్లో కాగు పెట్టి యోకా కర్రతో కలుపుతోంది. మధ్య మధ్య ఒక పాత గుడ్డపీలిక ముంచి తీసి, ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"ఇంకా గోధుమరంగే" అనేది. కాసేపటికి మళ్లీ, "పట్టింది, పట్టింది. సాయంత్రానికి కాకి నలుపు." రైకల కుట్లు విప్పావా అని రెండుసార్లు కేక వేసింది. "చేస్తున్నాను" అని రెండుసార్లూ లోపలి నుంచి అరిచింది గోస్పావా. చెయ్యలేదు. రైకలు బల్ల మీద మడత పెట్టినట్టే ఉన్నాయి.

ఆమె కోటు కుడుతోంది. కొత్త గుర్తుల వెంట, తేనెమైనం రాసిన దారంతో, చిన్న చిన్న కుట్లు. పని చెడగొట్టడం ఆమెకు చేతకాదు. అక్కసుకొద్దీ నాలుగు కుట్లు వంకరగా వేసి చూసింది. చూడలేక తనే విప్పేసింది. సూది వేలి చివర గుచ్చుకుంది. రక్తం చప్పరించి మళ్లీ కుట్టింది. మధ్యాహ్నానికి రెండు వైపులూ పూర్తయ్యాయి. కోటు బల్ల మీద పరిస్తే త్రిపో వచ్చి పడుకున్నట్టుంది, అంత వెడల్పు.

ఇక జరీ తాడు మిగిలింది.

కొత్త కుట్టు మీదుగా తాడును రెండు వరసలు చేసి మెలితిప్పి పరిస్తే, ఎండ చూడని ఆ పచ్చ దాని కింద దాక్కుంటుంది. ఆదివారం ఫోటోలో ఎవరూ పోల్చుకోలేరు. ఏ కుట్టుపనిమనిషైనా చేసేది అదే. కుట్టువాడు మిగిల్చిపోయిన తాడు కూడా కలిపి సరిపోతుందా అని కొలిచి చూసింది. సరిపోతుంది.

తాడు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెరట్లో కర్ర కాగుకు తగిలి డొక్కు డొక్కుమంటోంది. అత్త కుడికన్ను చూడదు, ఎడమది సగం చూస్తుంది. కాని అత్త వేళ్లు? కోటు కుట్టిన నలభై రోజులూ ఆ కుట్టువాడి పక్కనే కూర్చుని గుడ్డ పట్టుకున్న వేళ్లవి. ఏడుపులో మొదట చెయ్యి వేసేది తల్లే. చేతుల మీద, రొమ్ము మీద, పక్కల మీద తడుముతూనే పాట అందుకుంటారు.

బల్ల మీద ఉండే బట్ట చచ్చినవాడిదై ఉండాలి. బతికున్నవాడి బట్ట మీద నోరెత్తితే వాడి చావును పిలిచినట్టే. ఆ సంగతి ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మరి ఈ కోటు ఇప్పుడెవరిది?

గోస్పావా తాడును మడిచి రెండు వరసలు చెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు, ఒకే వరసగా, పాత సూది కన్నాల వెంటే పరిచి టాకాలు వేసింది. కొత్త కుట్టుకీ తాడుకీ మధ్య పచ్చటి పట్టీ బాహాటంగా మిగిలిపోయింది. తను చేస్తున్నదేంటో ఆమెకు తెలుసు. తప్పో ఒప్పో తెలియలేదు.

సాయంత్రం త్రిపో వచ్చి గుమ్మంలోంచే అడిగాడు. "అయిందా?"

"అయింది."

"పట్టేయదుగా?"

"నీ కొలతే. అచ్చంగా నీదే."

అతను సంతోషంగా ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

*

శనివారం ఆడవాళ్లు పన్నెండు మంది వచ్చారు. నల్ల ముసుగులు, నల్ల పావడాలు, బెంచీల మీద బారుగా కూర్చున్నారు. మగవాళ్లు ఆనవాయితీ ప్రకారం గుమ్మం బయట మెట్ల మీద నిలబడ్డారు. వాళ్లలో త్రిపో ముందు నిలబడ్డాడు. బల్ల మీద తెల్ల దుప్పటి, దాని మీద బట్టలు మనిషి ఆకారంలో పరిచి ఉన్నాయి. లాగు, నడికట్టు, వెండి పలకలు, పైన పచ్చ కోటు, చేతులు రొమ్ము మీద మడిచి. తలవైపు కొవ్వొత్తి. కాళ్లవైపు తేనె కలిపిన ఉడికించిన గోధుమల గిన్నె. దాని పక్కన కత్తెర, గోస్పావా జడ కోసం.

గోస్పావా రంగుల రైకతోనే కూర్చుంది. కుట్లు విప్పలేదేమని ఎవరో గొణిగారు. "తర్వాత" అని ఇంకెవరో సర్దారు. జడ వీపు మీద బరువుగా ఉంది. ఆ బరువు ఎప్పుడూ తెలిసేది కాదు.

స్తానా గొంతు సవరించుకుంది. "తల్లి చెయ్యి వెయ్యాలి" అంది.

యోకాను ఇద్దరు లేపి బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. ముసలామె పెదవులు అప్పటికే అదురుతున్నాయి. మూడేళ్లుగా అదిమిపెట్టిందంతా గొంతు దాకా వచ్చి నిలబడింది. చూస్తున్నవాళ్లందరికీ కనబడుతోంది. కోటు కాలరు ముద్దు పెట్టుకుంది. మడిచిన చేతులు నిమిరింది. వెండి పలకల మీద అరచెయ్యి ఆనించింది. రెండు చేతులూ మెల్లగా పక్కలకు జారాయి, చిన్నపిల్లాణ్ణి చంకల కింద పట్టుకుని ఎత్తబోయినట్టు.

అక్కడ ఆగాయి.

వేళ్లు వెనక్కి వెళ్లాయి. జరీ తాడు తగిలింది. మళ్లీ ముందుకు వచ్చాయి. తాడు దాటి గుడ్డ తగిలింది, ఉండకూడని చోట. యోకా వంగింది. ఎడమ కన్ను బనాతుకు ఆనేంత దగ్గరగా వంగింది.

స్తానా అప్పటికే ఎత్తుకుంది. "అయ్యో మాషో, గద్దలాంటి నాయనా..."

"ఆగు" అంది యోకా.

స్తానా ఆగింది. ఏడుపు మధ్యలో ఆమెను ఎవరూ ఎప్పుడూ ఆపలేదు.

"ఇదెవరి కోటు?"

"అదేం మాటమ్మా? మాషోది."

"నా కొడుక్కి చంక కింద ఇంత గుడ్డ లేదు. ఇటు రెండు వేళ్లు, అటు రెండు వేళ్లు. కొత్త పచ్చ." యోకా నిటారుగా నిలబడింది. "ఎవరు విప్పారు?"

గోస్పావా లేచింది. అబద్ధం ఒక్కటీ చెప్పనక్కర్లేదని అప్పుడు తోచింది. "నేనే అత్తా. త్రిపో విప్పమన్నాడు. ఆదివారానికి ఒంటికి సరిపోవాలి కదా. గురువారం తొడిగి చూసుకున్నాడు. అతని కొలతకే కుట్టాను."

స్తానా తన నోరు తానే మూసుకుంది, రెండు చేతులతో. ఆ మూసిన చేతుల వెనక నుంచే, "నేనెవర్ని ఏడ్చినట్టు?" అంది. "అమ్మా, నేనెవర్ని ఏడ్చినట్టు? ఒక ముక్కే అన్నాను. ఒకే ముక్క. మాషో అని పేరు పెట్టాను, మీరంతా విన్నారు."

గుమ్మంలో త్రిపో ముఖం సున్నం కొట్టినట్టయింది. తన చొక్కా మీద, చంకల కింద, తడుముకుంటున్నాడు. బల్ల మీద, కొవ్వొత్తి కింద, చేతులు ముడుచుకుని పడుకుని ఉన్నది అతని కొలత. మూటలు మోసే అంత పెద్ద మనిషి గుమ్మం దాటి లోపలికి ఒక్క అడుగు వెయ్యలేకపోయాడు.

"అమ్మా, ఆర్పెయ్" అన్నాడు. "ఆ కొవ్వొత్తి ఆర్పెయ్యవే."

యోకా రెండు వేళ్లతో వత్తిని నలిపి ఆర్పింది. "ఇళ్లకు వెళ్లండి" అంది ఆడవాళ్లతో. "ఇక్కడ ఎవరూ చావలేదు."

గోధుమలు ఎవరూ ముట్టలేదు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ గోస్పావా వైపు ఒక చూపు చూసి వెళ్లారు. అది మెచ్చుకోలో తిట్టో ఆమె పోల్చుకోలేకపోయింది. కత్తెర తీసి తన కుట్టుపెట్టెలో వేసుకుంది. సంతోషంగా ఉండాల్సింది. ఒళ్లు తేలికవ్వాల్సింది. అవలేదు. యోకా పెరట్లోకి వెళ్లి, చల్లారిపోయిన నల్లరంగు కాగు పక్కన రాతి మీద కూర్చుంది. చీకటి పడేదాకా లేవలేదు. నోట్లో కొంగు కుక్కుకుని ఉంది.

*

ఆదివారం పొద్దున రేవులో ఫిరంగి పేలింది. ఆవిరి ఓడ కూత వేసింది. ఊరంతా కిందికి దిగిపోయింది. వరసలో పదకొండు మందే నిలబడ్డారని తర్వాత తెలిసింది. త్రిపో తన మామూలు గోధుమరంగు చొక్కాతోనే వెళ్లి, ఓడ మీంచి విసిరిన తాడు పట్టుకుని రాతికి కట్టాడట. పచ్చ కోటు పెళ్లికి కట్నంగా ఇస్తామన్నా ఇక ముట్టనని దారిలో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడట.

మేడ మీద ఇద్దరు ఆడవాళ్లే మిగిలారు. గోస్పావా కిటికీ దగ్గర కోటు తిరగేసుకుని కూర్చుంది. మొన్న వేసిన కుట్లే ఇవాళ విప్పుతోంది.

"నువ్వు కావాలనే చేశావు" అంది యోకా గోడవారగా కూర్చుని.

"అవును."

"తాడు రెండు వరసలు మడిచి పరిస్తే నా వేళ్లకు కూడా దొరికేది కాదు. అంత చేతకానిదానివి కాదు నువ్వు."

"కాదు."

"నీ జడ నీకు మిగిలింది. నీ రంగులు నీకు మిగిలాయి." ముసలామె గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే భరించలేకుండా ఉంది. "నా ఏడుపు మాత్రం లాగేసుకున్నావే. నోటి దాకా వచ్చింది. ఇంకొక్క ఊపిరి అయితే బయట పడేది."

గోస్పావా విప్పడం ఆపింది. బుధవారం చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్త చెప్పింది ఇదే. తను విన్లేదు. శనివారం, జడ, నలుపు, తన చేతి మీది రంగులు, ఇవే విన్నది. పక్కనున్న మనిషి మూడేళ్లుగా ఊపిరి బిగపట్టుకుని కూర్చుందని తట్టనే లేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఏం చెప్పాలో తెలియక, తెలిసిన పనే చేసింది. కుట్టింది.

కొత్త కుట్టు పోయాక గుడ్డను మళ్లీ లోపలికి మడిచింది. ఎండ చూడని పచ్చ చీకట్లోకి వెళ్లిపోయింది. పాత కన్నాలు అలాగే ఉన్నాయి. బనాతు వాటిని మరచిపోలేదు. సూది ఒక్కొక్క కన్నంలోకే దింపుతూ, చంక నుంచి నడుము దాకా, రెండు వైపులా కుట్టింది. గుర్తు పెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. మాషో ఎక్కడ ఆగాడో గుడ్డే చెబుతూ వచ్చింది. రేవులో బ్యాండు మోగి, ఆగి, మళ్లీ మోగింది. ఆమె తలెత్తి చూడలేదు. జరీ తాడు చివరి టాకా వేసి, దారం పంటితో కొరికింది.

లేచి కోటు తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. తను పక్కన నేల మీద కూర్చుంది.

యోకా చేతులు వెంటనే పక్కలకు వెళ్లాయి. తడిమాయి. తాడు, కుట్టు, మడత. ఎక్కడివక్కడ ఉన్నాయి.

"వాడిదే" అంది.

"అతనిదే."

"కోడలా." ఆమె వేళ్లు ఇంకా కుట్టు మీదే ఉన్నాయి. "వస్తాడంటావా?"

మూడేళ్లుగా ఆ ప్రశ్నకు గోస్పావా దగ్గర ఒకే జవాబు ఉంది. రేవులో అడిగినా, బావి దగ్గర అడిగినా, చర్చిలో అడిగినా అదే. అది నాలుక చివరికి వచ్చింది కూడా. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ కోటు అడగడంలేదు, ఎవరూ కత్తెర పట్టుకుని నిలబడలేదు.

"తెలీదత్తా" అంది. "నాకు నిజంగా తెలీదు. నిన్నగాక మొన్న స్తానా అడిగితే కళ్ల రంగు కూడా గబుక్కున గుర్తు రాలేదు."

యోకా తల ఊపింది. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ కాచుకుని ఉన్నట్టు, ఇంట్లో తెలియనిది తనకొక్కదానికే కాదని ఇప్పుడే తెలిసినట్టు. ముఖం కోటులో పెట్టుకుంది. భుజాలు కదిలాయి. పాట లేదు. గద్ద లేదు, ఓడ లేదు. పేరు పెట్టలేదు. పేరు పెట్టకపోతే ఎవరూ చచ్చినట్టు కాదు. ఒట్టి ఏడుపు. మూడేళ్ల ఏడుపు, బనాతులోకి, చప్పుడు లేకుండా.

గోస్పావా ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. రంగుల మణికట్టు నల్ల రైక మీద. ఎప్పటి నుంచో తన కళ్లూ కారుతున్నాయని గడ్డం తడిసాక గాని ఆమెకు తెలియలేదు.

ఓడ వెళ్లిపోతూ కూత వేసేసరికి యోకా తలెత్తింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, కోటు మీద తడి పడ్డ చోట అరచేత్తో రుద్దింది. వెలుతురు వైపు తిప్పి ఎడమ కంటితో చూసింది.

"తడిసింది. ఇలాగే పెట్టెలో పెడితే బూజు పడుతుంది" అంది. "పోయి ఎండకు వెయ్యి."

గోస్పావా కోటు తీసుకుని కిటికీ తెరిచింది.